వాలికి ఎన్ని పాయింట్లు?

ఎదుటివాడి బలంలో సగం లాగేసుకునే వరాన్ని వాలికి ఇచ్చినవారెవరో గాని, షరతులు రాయడంలో కాస్త తొందరపడ్డారని నా అనుమానం. ఆ సగం ఎంతసేపు ఉంటుందో చెప్పలేదు. లాక్కున్నది తిరిగి వెళ్తుందా, వెళితే ఎప్పుడు వెళ్తుందో చెప్పలేదు. ఒకేసారి ఇద్దరు మీదికొస్తే ఇద్దరి సగాలూ కలిసొస్తాయా అన్నది అసలే చెప్పలేదు. చెప్పిందల్లా ఒక్కటే, వచ్చినవాడు ఎదురుగా నిలబడాలి. ఆ ఒక్క షరతు పట్టుకునే కదండీ రాములవారు చెట్టు చాటుకి వెళ్ళింది!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. వాల్మీకంలో వాలికి ఉన్నది ఇంద్రుడిచ్చిన బంగారు మాల. సగం బలం సంగతి తరువాతి కథకుల నోట, పురాణం చెప్పేవారి నోట పడి మనదాకా వచ్చింది. అయితేనేం, మా నాయనమ్మ నాకు అప్పజెప్పిన వాలి ఆ సగం బలం వాలే. మీ నాయనమ్మ చెప్పిన వాలీ ఆయనే అయివుంటాడు.

ఈ వయసులో వాలి వరం మీద వకాలత్ దేనికీ అంటారా? మా అక్క కొడుకు హైదరాబాదునుంచి వచ్చి మరిచిపోయి వెళ్ళిన పుస్తకం ఒకటి మధ్యాహ్నాలు చదువుతున్నాను. మ్యూటంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అని దాని పేరు. అమెరికాలో గ్రీన్ రోనిన్ అనే కంపెనీవాళ్ళు 2002లో మొదటిసారి వేశారు, స్టీవ్ కెన్సన్ అనే ఆయన రాశాడు. నా చేతికొచ్చింది 2011 నాటి మూడో కూర్పు. కథల పుస్తకం కాదు, ఒక ఆటకి నియమాల పుస్తకం. వంటల పుస్తకం చదివినంత శ్రద్ధగా చదివాను. నియమాల పుస్తకానికి సమీక్ష ఏమిటని నవ్వకండి. మన ఇళ్ళల్లో అన్నిటికన్నా ఎక్కువగా తగవులొచ్చేది నియమాల దగ్గరే గదా.

ఆట అంటే పేకాట కాదు, కైలాసపాళీ కాదు. అయిదారుగురు బల్ల చుట్టూ కూచుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఒగ్గుకథలో ముందు నిలబడి చెప్పే పెద్దను తలుచుకోండి. కాకపోతే ఇక్కడ వినేవాళ్ళందరూ కథలో పాత్రలే. "ఆసుపత్రి మూడో అంతస్తులో మంటలు లేచాయి, కిటికీలో ఒక పాప ఉంది, ఏం చేస్తారు?" అంటాడు కథ నడిపేవాడు. "నేను ఎగిరి వెళ్తా" అంటుంది ఒకర్తె. "నేను గోడ పట్టుకొని కూలకుండా ఆపుతా" అంటాడు ఇంకొకడు. అయిందా లేదా తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక ఒకటుంటుంది. ధర్మరాజు చేతికి ఇరవై ముఖాల పాచిక ఇవ్వకపోవడం మంచిదయింది.

ఇందులో పాత్రలు మామూలు మనుషులు కారు. ఒకరు ఎగురుతారు, ఒకరు కనబడకుండా పోతారు, ఒకరు పిడుగులు రాలుస్తారు. ఇటువంటి మహావీరుల ఆటలు అమెరికాలో 1977 నుంచి ఉన్నాయి. 1981లో ఛాంపియన్స్ అనే ఆట వచ్చి సంతబేరం లాంటి పద్ధతి పెట్టింది. ప్రతి ఆటగాడికీ ఇన్ని పాయింట్లని ఇస్తారు, వాటితో కావలసిన శక్తులు కొనుక్కోవాలి. మ్యూటంట్స్ ఆటలో మామూలుగా మొదలుపెట్టేవారికి 150 పాయింట్లు. మా వంటిమామిడి మార్కెట్‌కి వెళ్ళినట్టే. సంచీ ఒకటే, డబ్బు ఇంతే, ఎగరడం కొంటే బలం తగ్గుతుంది, బలం కొంటే తెలివి తగ్గుతుంది. ఆ పద్ధతి నాకు తెగ నచ్చింది. నెలాఖరు లెక్క తెలిసిన ఏ ఇల్లాలికైనా నచ్చుతుంది.

అన్నట్టు మాది ములుగు. ములుగనగానే "మేడారం జాతరకి ఎప్పుడు రమ్మంటారు?" అని అడగకండి. ఆ ములుగు వేరు, అది 2019లో జిల్లా కూడా అయింది. మాది రాజీవ్ రహదారి వైపు ములుగు. 2016 దాకా మెదక్ జిల్లా వాళ్ళం, ఆ దసరానాడు సిద్దిపేట జిల్లా వాళ్ళమయ్యాం. జాతర రోజుల్లో ఎక్కడెక్కడి బంధువులో మాకు ఫోన్లు చేసి గదులు దొరుకుతాయా అని అడుగుతారు. పేరొకటే అయినంత మాత్రాన అమ్మవార్లు మా ఊరికి రారని చెప్పి చెప్పి అలిసిపోయాం. ఈ మాట ఊరికే అనలేదు, నా అసలు విషయమూ ఇటువంటిదే. ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి ఎంతమేరకు వస్తుంది? పేరు వరకేనా, జాతర కూడా వస్తుందా?

శక్తుల సంతలో అన్నిటికన్నా చిక్కు సరుకు ఇదే. "నాకంటూ ఏ శక్తీ వద్దు, ఎదుటివారికి ఏది ఉంటే అది నాకూ రావాలి" అని ఒకరు అడిగారనుకోండి, దానికి ధర ఎట్లా కడతారు? బొమ్మల కథలవాళ్ళకి ఈ ధర బాధ లేదు, అందుకే ఇటువంటి పాత్రల్ని ఎప్పటినుంచో కుప్పపోశారు. 1960లో అమేజో అనే మరమనిషి వచ్చాడు. 1966లో ఒక్క ఏడాదే సూపర్ అడాప్టాయిడ్, మిమిక్ అని ఇద్దరు వచ్చారు. 1981లో రోగ్ అనే అమ్మాయి వచ్చింది. ఈమెను పిల్లలు సినిమాల్లోనూ చూశారు. కథకుడు తన పాత్రకి ఎంతిచ్చినా అడిగేవాడుండడు. బల్ల దగ్గర అట్లా కాదు, పక్కన మరో నలుగురు తమ తమ సంచీలు పట్టుకొని కూచుని వుంటారు.

మ్యూటంట్స్ పుస్తకం చెప్పిన ధర చూడండి. మారుతూ వుండే శక్తి అని ఒకటి పెట్టారు. దానికి మెట్టుకి 7 పాయింట్లు కట్టాలి. ఆ మెట్టు మీద మీకు వాడుకోను వచ్చేవి 5 పాయింట్ల శక్తులు. పది మెట్లు కొంటే 70 పోయి 50 చేతికొస్తాయి. మిగిలిన 80తో మీరు మీరుగా బతకాలి. ఏడిచ్చి అయిదు పుచ్చుకోవడం షావుకారు బేరంలా వున్నా, నాకిందులో అన్యాయం కనబడలేదు. ఇవాళ ఎగరడం, రేపు పిడుగులు, ఎల్లుండి ఇంకోటి, ఎప్పుడేది కావాలంటే అది దొరికే వెసులుబాటుకి ఆ రెండు పాయింట్లూ అద్దె. పైగా ఒక శక్తి నుంచి ఇంకో శక్తికి మారాలంటే ఆ వంతు అందులోనే ఖర్చయిపోతుంది. ఎంత గొప్పవాడిని అనుకరించినా ఆటకు పెట్టుకున్న హద్దు దాటడానికి వీల్లేదు. ఎదుటివారికి తగ్గేట్టుగా లాక్కోవాలంటే, బలహీనపరిచే శక్తి అని మరొకటి వేరుగా కొని దీనికి జతచెయ్యాలి. అంటే చూసి నేర్చుకోవడానికి ఒక ధర, లాక్కోవడానికి దానిపైన మరో ధర. ఈ తేడా గుర్తించినందుకే ఆ కెన్సన్‌గారికి ఒక నమస్కారం. వాలికి వరమిచ్చినవారు ఈ రెండూ కలిపేసి ఉచితంగా ఇచ్చేశారు.

లెక్క ఇంత బాగా కుదిరిందే, మరి ఆట ఎందుకు చెడింది?

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో పిల్లలు ఈ ఆట ఆడారు. కథ నడిపింది మా అక్క కొడుకు. మా చిన్నమ్మాయి అనుకరించే వీరురాలిని తీసుకుంది. దాని స్వభావానికి అదే సరి, ఇంట్లో అందరి గొంతులూ దించేస్తుంది. మా పెద్ద యారాలి మనవరాలు, పదమూడేళ్ళది, మొక్కలు పెంచే శక్తి తీసుకుంది. యారాలంటే మీ వైపు తోటికోడలు. పిల్ల నోట్లో నాలుక లేనిది. బడిలో కూడా పిలిచి అడిగితే తప్ప పలకదట. ఆ శక్తి కోసం సాయంత్రమంతా కూచుని లెక్క కట్టుకుంది. తీగలు గోడలెక్కాలి, వేర్లు నేల చీల్చాలి, ఎండిన చెట్టు చిగురించాలి. మా ఊళ్ళో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుమీద ఉద్యాన విశ్వవిద్యాలయం ఉందిగా, ఆ ఆవరణ పక్కనుంచి పోయేటప్పుడు పుట్టిన ఊహ కాబోలు అనుకున్నాను.

కథలో ఒక వంతెన కూలింది. తీగలల్లి బస్సును ఆపడం ఆ పిల్ల వంతు. పిల్ల గొంతు సవరించుకుని మొదలుపెట్టే లోపల మా అమ్మాయి, "నేను దాన్ని ముట్టుకున్నా, తీగలు నాకూ వచ్చినయ్, నాకు బలం కూడా ఉంది కదా, తీగలతో బస్సును పైకే లాగేస్తా" అంది. పాచిక వేసింది. పద్దెనిమిది పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. బస్సు పైకొచ్చింది. ఆ పిల్ల తన పాచికను మెల్లిగా డబ్బాలో పెట్టేసి, "చిన్నమ్మమ్మా, కొత్తిమీర తుంచనా?" అని వంటింట్లోకి వచ్చింది.

నేను కొత్తిమీర ఇచ్చి, వాడిని పిలిచి అడిగాను. "రూల్ ప్రకారం కరెక్టే చిన్నమ్మా. దానికేం తగ్గలే. దాని పవర్ దానికే ఉంది" అన్నాడు. వాడన్నది నిజమే. పుస్తకం తీసి చూపించాడు కూడా. ఆ పిల్ల కాగితం మీద ఒక్క అంకె మారలేదు. తీగలున్నాయి, వేర్లున్నాయి. లేనిదల్లా, ఆ పిల్ల అక్కడ ఉండాల్సిన అవసరం.

ఈ పుస్తకంతో నా పేచీ ఇక్కడే. ఇందులోని నియమాలన్నీ యుద్ధం సమంగా సాగడానికి రాసినవి. ఎవరు ఎవరిని ఎంత కొట్టగలరు, ఎంత ఆపగలరు అన్న తూకం గింజ తేడా రాకుండా చూస్తాయి. బల్ల చుట్టూ కూచున్నవారు ఒకరికొకరు ఎందుకు కావాలి అన్నదానికి తూనికరాయి లేదు.

మీకిది పిల్లలాట లాగా ఉంటే పెద్దలాట ఒకటి చెబుతాను. మా అత్తగారింట్లో మేం ముగ్గురం యారాళ్ళం. సంక్రాంతి వచ్చిందంటే సకినాలు. కొత్తబియ్యం నానబోసి దంచిన పిండి, నువ్వులు, వాము, ఉప్పు, ఇంతే సరుకు. మిగతాదంతా వేళ్ళల్లో ఉంది. బట్ట పరిచి, పిండిని వేళ్ళ సందున మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పాలి. మా పెద్దక్క చుట్టితే వృత్తలేఖిని పెట్టి గీసినట్టుండేది. ఆమెకు చదువు లేదు, పుట్టింటి బలం లేదు, మాటకారితనం లేదు. సంక్రాంతి ముందు వారం మాత్రం ఊళ్ళో ఇరవై ఇళ్ళవాళ్ళు వచ్చి, "అక్కా, జర మా ఇంటికి రావా, బిడ్డకు సారె పెట్టాలె" అని బతిమాలేవారు. ఆ వారం మా అత్తగారు కూడా ఆమెతో కాస్త మెత్తగా మాట్లాడేది.

మా చిన్న యారాలు చురుకైంది. ఒక్క పండుగ పక్కన కూచుని ఆ చుట్టు పట్టేసింది. మరుసటేడు అంతే గుండ్రంగా, ఇంకా తొందరగా చుట్టింది. దానికి బండి నడపడం కూడా వచ్చాయె, పదిళ్ళు ఒక్క పూటలో తిరిగొచ్చేది. ఆ ఏడు పెద్దక్క మా ఇంటి వసారాలో కూచుని పల్లీలు ఒలిచింది. ఆమె చేతిలో విద్య ఏమైనా తగ్గిందా? తగ్గలేదు. చిన్నది నేర్చుకోవడం తప్పా? తప్పని ఎవరనగలం, చూసి నేర్చుకోకపోతే మన అమ్మల వంటలు మనదాకా ఎట్లా వచ్చేవి? అయినా పిలుపులు ఆగిపోయిన ఆ వారం ఆ మనిషి ముఖం నేను చూశాను. ఏ పుస్తకంలోనూ ఆ నష్టానికి అంకె లేదు.

మన పాత కథకులు పాయింట్లు కట్టలేదు గాని, ఈ చిక్కు వాళ్ళకు బాగా తెలుసుననిపిస్తుంది. కచుడి కథనే తీసుకోండి. దేవతలు శుక్రాచార్యుడి దగ్గరున్న మృతసంజీవనిని ఎట్లాగైనా రాబట్టాలని కచుడిని పంపారు. రాక్షసులు అతణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిద కల్లులో కలిపి గురువు చేతే తాగించారు. కడుపులో ఉన్న శిష్యుడు బయటికి రావాలంటే గురువు చావాలి. కాబట్టి ఆయన కడుపులోని వాడికే విద్య చెప్పాడు, వాడు పొట్ట చీల్చుకుని వచ్చి గురువును బతికించాడు. గమనించారా, అరువు తెచ్చుకున్న విద్యను మొట్టమొదట వాడింది దాని యజమానిని లేపడానికి! తరువాత దేవయాని శాపం, "ఆ విద్య నీకు పనిచెయ్యదు" అని. కచుడి జవాబు, "నాకు పనిచెయ్యకపోతే పోనీ, నేను నేర్పినవారికి పనిచేస్తుంది" అని. ఇద్దరూ పంతం మీద ఉన్నారు గాని, పంతంలో కూడా ఎంత చక్కటి నియమం రాసుకున్నారో చూడండి. తెచ్చుకున్నవాడు ఒట్టి వాహకుడు, వాడుకునేవాడు కాడు.

కర్ణుడిది మరో షరతు. అబద్ధం చెప్పి పరశురాముడి దగ్గర సంపాదించిన అస్త్రం సరిగ్గా అవసరమైన రోజున మతికి రాదు. అంతదాకా రోజూ గుర్తుంటుంది, అదే అందులోని క్రూరత్వం. ఏకలవ్యుడి సంగతి ఎత్తితే నాకు కోపమొస్తుంది, వ్యాసం దారి తప్పుతుంది, వదిలేస్తాను.

వీటన్నిటికన్నా నాకు ముచ్చటైన నియమావళి మాయాబజార్‌లో ఉంది. 1957 నాటి సినిమా, విజయావారిది, కె.వి.రెడ్డిగారు తీసింది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాం గాని, అది అనుకరణ శక్తి మీద పాఠమని ఎప్పుడైనా అనుకున్నామా? ఘటోత్కచుడు శశిరేఖ రూపం తెచ్చుకున్నాడు. రూపం మాత్రమే. ఆ పిల్ల సిగ్గు రాలేదు, నడక రాలేదు, తన రాక్షసబలం పోలేదు. అద్దంలో పెట్టినట్టున్న ఆ ముఖం వెనకాల నుంచి ఎస్.వి.రంగారావు మాటిమాటికీ తొంగిచూస్తుంటాడు. ఆయన తెరమీద లేకుండానే ఆయన్ని మనకు చూపించింది సావిత్రి. ఆ అడుగుల బరువు, ఆ ఛాతీ విరుపు, అంతలోనే ఎవరో వస్తున్నారని గుర్తొచ్చి ముడుచుకుపోవడం! పాటలో సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు దూరడం కూడా అందుకే. పెళ్ళిపీటల దగ్గర రేలంగి కాలు తొక్కినప్పుడు ఆ అరుపు రూపానికీ బలానికీ మధ్య మిగిలిన సందులోంచి వచ్చింది. ఆ సందే లేకపోతే హాస్యమూ లేదు, కథా లేదు. పూర్తిగా శశిరేఖ అయిపోతే ఇంకో శశిరేఖ ఉంటుందంతే, లక్ష్మణకుమారుడికి పెళ్ళి అయిపోతుంది.

ఆ సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారి ఇంటిపేరే ఉన్న మరో కవి, పింగళి సూరన, 16వ శతాబ్దంలోనే ఈ పని ఇంకా చిక్కుగా చేసిపెట్టాడు. కళాపూర్ణోదయంలో కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. చివరికి అసలు రంభా అరువు రంభా ఎదురుబొదురు నిలబడి తగవులాడుకుంటారు. ఎవరు ఎవరో చూసేవాడికి తెలియని ఆ తగవులో అసలు రంభ మనసెట్లా ఉండివుంటుందో అని ఆలోచిస్తే, నాకు మళ్ళీ మా వసారాలో పల్లీలు ఒలిచిన పెద్దక్కే గుర్తొస్తుంది.

అమెరికా కథల్లో దీనికి దగ్గరగా వచ్చింది ఆ రోగ్ అమ్మాయే. ఆమె చర్మం తగిలితే చాలు, ఎదుటివారి శక్తీ, దానితోపాటు వాళ్ళ జ్ఞాపకాలూ వచ్చిపడతాయి. కాసేపుంటే కాసేపు, ఎక్కువసేపు పట్టుకుంటే ఇక వదలవు. కెరోల్ డాన్‌వర్స్ అనే ఆవిడవి అట్లాగే వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. కాబట్టి ఆ అమ్మాయి ఎవరినీ ముట్టుకోదు, చేతులకెప్పుడూ తొడుగులే. ఎదిగిన ఆడపిల్ల, ఒకరి చెయ్యి పట్టుకోలేదు, అమ్మ ఒళ్ళో తల పెట్టుకోలేదు. ఇదండీ ధరంటే! ఏడుకి అయిదు కాదు. మ్యూటంట్స్ పుస్తకంలో ఇటువంటి కష్టాన్ని ఇబ్బంది అనే పేరుతో ఆటగాడు తన పాత్రకి రాసుకోవచ్చు. ఆ ఇబ్బంది కథలో ఎదురైనప్పుడల్లా ఒక హీరో పాయింటు బహుమానంగా వస్తుంది. ఏర్పాటు మంచిదే. కాని ఏ ఇబ్బందులు రాసుకోవాలన్నది ఎవరిష్టం వారిది. అనుకరించేవాళ్ళు ఇటువంటిదే రాసుకోవాలన్న నిర్బంధమేమీ లేదు. అనుకరణ శక్తికైనా దాన్ని తప్పనిసరి చేసివుండాల్సింది. మా అమ్మాయి రాసుకున్న ఇబ్బంది ఏమిటో తెలుసా? "పొద్దున్నే లేవలేదు" అని.

ఇంకొక మాట. మా ఊళ్ళో నర్సరీవాళ్ళు మామిడి అంటు కట్టేటప్పుడు ఎన్నిసార్లు చూశానో. కింద నాటు మామిడి వేరు, పైన మంచి రకం కొమ్మ. కాయ కొమ్మది, నీళ్ళు తాగే పని వేరుది. రెండింటికీ ఒకటి లేకుండా ఒకటి లేదు. వేపచెట్టు మీద మామిడి అతకదు, కులం కలవాలి. అంటు కింది భాగాన్నుంచి నాటు చిగుళ్ళు వేస్తే గిల్లేస్తూ ఉండాలి, లేకపోతే వేరే గెలిచి మంచి కొమ్మ ఎండిపోతుంది. ఎవరి శక్తినైనా, ఎప్పుడైనా, జాగ్రత్త లేకుండా తెచ్చి తగిలించుకోవచ్చుననే నియమం రాసినవాళ్ళు ఒక్కసారి తోటలోకి వచ్చి చూడాలి.

విమర్శ చేసి ఊరుకుంటే మా అక్క కొడుకు ఒప్పుకోడు, "అయితే నువ్వే రాయి" అంటాడు. వాడితో వాదించి మూడు మార్పులు చేయించాను. అరువు తెచ్చుకున్న శక్తి అసలు మనిషి ముందు సగమే పనిచెయ్యాలి. ఇది నా సొంతం కాదు, 2001లో మొదలైన ఎగ్జైల్స్ అనే బొమ్మల కథలో మిమిక్‌కి అయిదుగురి శక్తులు సగం బలంతోనే వస్తాయి. మన వాలికీ సగమే గదా! రెండోది, శక్తితోపాటు దాని బలహీనత కూడా రావాలి. తీగలు తెచ్చుకుంటే మంటంటే భయమూ తెచ్చుకోవాలి. మూడోదానికి వాడు చాలాసేపు కొట్లాడాడు. ఎవరి శక్తిని అనుకరిస్తే వారు, తమకు ఆ శక్తి ఎట్లా ఉంటుందో, ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో, బల్ల దగ్గర అందరికీ నోటితో చెప్పాలి. చెప్పినందుకు హీరో పాయింటు వారికే. వారు చెప్పకపోతే అనుకరణ జరగదు.

"దీంతో ఆట లేటైతది చిన్నమ్మా" అన్నాడు. లేటైతే ఏం, ఎవరికి బస్సు తప్పుతుంది?

ఆ తరువాత ఫోన్లలోనే ఒకనాటి రాత్రి ఆడారు. వేర్లు నేలలోకి దిగేటప్పుడు మడమల్లో చల్లగా ఉంటుందని ఆ పిల్ల చెప్పిందట. ఆ తర్వాత ఇంకా ఏదో చెబుతూనే ఉందట, వీళ్ళు వింటూ ఉండిపోయారట. మా అమ్మాయి మాత్రం ఆ నియమం తనమీద కక్షతో పెట్టిందేనని ఇప్పటికీ అంటుంది. దాని వాదంలోనూ పస లేకపోలేదు. "అనుకరించడం కూడా ఒక విద్యే కదమ్మా, దానికి నాకెవరు పాయింటిస్తరు?" అంటుంది. సావిత్రిని తలుచుకుంటే ఆ మాట కాదనలేను. నాలుగో నియమం ఒకటి రాయాల్సివుందేమో.

వాలి లెక్క మాత్రం మిగిలిపోయింది. అదీ వాడే వేశాడు. ఎదుటివాడిది 150 అనుకుంటే, సగం 75. అవి చేతికి రావాలంటే పదిహేను మెట్లు, అంటే 105 పాయింట్లు. మిగిలేది 45. ఎదుటివాడికి ఆ సగం తగ్గించడానికి మరికొంత. తెల్లవారేలోగా నాలుగు సముద్రాలూ చుట్టివచ్చే కాళ్ళకి మరికొంత. దుందుభి శరీరాన్ని యోజనం దూరం విసిరిన చేతులకి ఎటూ చాలదు. "వాలిని ఆటగాళ్ళు కొనలేరు. అతడు కథ నడిపేవాడి చేతిలో ఉండే విలన్. విలన్‌కి పాయింట్ల లెక్క లేదు" అని తేల్చాడు.

సరే, తార మాటేమిటి? అంగదుడు చారుల ద్వారా విన్న కబురు పట్టుకుని, ఇప్పుడే దెబ్బలు తిని పారిపోయినవాడు ఇంత ధైర్యంగా మళ్ళీ వచ్చి కేక వేస్తున్నాడంటే వెనక ఎవరో ఉన్నారని గుమ్మంలోనే లెక్క కట్టి చెప్పింది గదా, ఆ తెలివికి ఎన్ని పాయింట్లు? ఎదురుగా వచ్చినవాడి బలం సగం లాక్కునే ఆ మహానుభావుడికి పక్కనున్న మనిషి దగ్గర్నుంచి పైసా వంతు కూడా ఎందుకు రాలేదు? వాడు పుస్తకం తిప్పుతున్నాడు. అటువైపు పేజీలు ఇంకా చాలా ఉన్నాయి.